ఎండుచేపల పందిట్లో యాంటెన్నా

బహుళ విదియ
తొట్టిలో నీళ్లు ముప్పాతిక. బ్యాటరీ సగానికి పైన. గాలి తూర్పు. ఇంట్లో ఒకరు.

రేడియో పెట్టె ఈ రోజు మా గదికి వచ్చింది. ఊరి పెద్ద సరంగు వెంకటనరసు గారు స్వయంగా మోసుకొచ్చి మంచం మీద పెట్టారు. యాంటెన్నా స్తంభం కూలిపోయాక దాన్ని కచేరీ ఉన్న పంటులో ఉంచి ప్రయోజనం లేదన్నారు. బాగుచేసినవాడి దగ్గరే ఉండడం మంచిదన్నారు. నేను పంపులు బాగుచేసేవాణ్ణి. రేడియో సంగతి విప్పి చూసి, మళ్లీ బిగించి చూసి నేర్చుకున్నదే తప్ప ఎవరూ చెప్పింది కాదు. అయినా నమ్మి ఇచ్చారు. సంతోషం.

మా ఊరంతా వరసలుగా కట్టిన తేలే పంట్ల మీదే, ఒక్కో వరస ఒక బరస. స్తంభం కిందటి గాలివానకు విరిగి ఐదో బరస మీద పడింది. ఒక పంటు ఒరిగి సగం మునిగింది. అప్పటినుంచి ఊళ్లో ఒక కట్టుబాటు. ఏ కప్పు మీదా కూర్చున్న మనిషి తలకన్నా ఎత్తుగా ఏదీ నిలబడకూడదు. ఆ రోజు మునిగిన పంటులోంచి పిల్లల్ని బయటికి లాగినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ కట్టుబాటు సరైనదే.

మా గది మూడో బరసలో, ఇనప పంటు అడుగున. మంచం వాలిస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. నీటి వైపు ఒక కిటికీ. మా కప్పు మాది కాదు, పైనున్న మస్తాన్‌బీ పిన్ని పెరడు. ఆమె అక్కడ చేపలు ఎండబెడుతుంది, గిన్నెలకు కళాయి వేస్తుంది.

యాంటెన్నా ఇంత చోటులోనే కుదరాలి.

తదియ
తొట్టి ముప్పాతిక. బ్యాటరీ సగం. ఇంట్లో ఒకరు.

ఎందుకు కుదరాలో రాసి పెట్టుకుంటాను. తొందరలో మనిషి తప్పులు చేస్తాడు.

మా ఆవిడ మంగతాయారు మంత్రసాని. మందుల పడవ మీద దక్షిణపు దిబ్బలకు వెళ్లి నెల కావస్తోంది. అమావాస్య పోటుకు మన ఊరు లంగరు ఎత్తుతుంది. పంట్లు ఇసక మేట దాటేంత నీరు ఆ పోటుకే వస్తుంది. తుఫాను రోజుల్లో ఇక్కడ నిలవలేం. ఈసారి పాత లాకుల దగ్గర కట్టాలని సరంగులు తేల్చారు. మందుల పడవ అమావాస్య దాటాకే వస్తుంది. నేరుగా ఇక్కడికే వస్తుంది. ఇక్కడ నీళ్లు తప్ప ఏమీ ఉండవు.

ఎక్కడికి వెళ్లామో రాసిన తేలే బల్ల ఒకటి వదిలి వెళ్లడం మన ఆనవాయితీ. రెండేళ్ల కిందట ఆ బల్లను గాలి ఎత్తుకుపోయింది. ఒక వల పడవ ఊరిని వెతుకుతూ తిరిగింది. దొరికేసరికి అందులో తాగునీరు లేదు, మనుషులున్నారు గానీ వారిలో ఊపిరి లేదు.

ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలన్నీ మూగపోయాక మన ఊరి నుంచి మాట పంపగలిగేది ఈ పెట్టె ఒక్కటే. దీనితో లాకుల మాట పడవకు చేరాలి. అంతే పని.

సాయంత్రం దీపాలవేళకు కిటికీలోంచి రెండు బారల తీగ వేలాడదీశాను. పడవ రోజూ ఆ వేళకే మాట్లాడుతుంది. వినిపించింది. ముందు పడవ సరంగు అందరం క్షేమం అన్నాడు. తర్వాత ఆమె గొంతు.

"మూడో బరస వారూ, వినపడతందో లేదో తెలవదు. చెప్పడం నా వంతు. ఉప్పు డబ్బా మూత గట్టిగా పెట్టండి. చెమ్మ తగిలితే గడ్డ కట్టుద్ది."

పెట్టాను అన్నాను. మాట పంపే మీట నొక్కలేదు. నొక్కినా ఆ రెండు బారల తీగ నా మాటను అక్కడిదాకా మోయలేదు. వినడానికి ఎంత చిన్న తీగ అయినా చాలు. పలకడానికి చాలదు. అయినా గొంతు వినబడింది, అదే చాలా మేలు.

పంచమి
తొట్టి సగం. బ్యాటరీ సగం. గాలి లేదు. ఇంట్లో ఒకరు.

ఏం పెట్టాలో రెండు రోజులు ఆలోచించాను.

నిలువు కడ్డీ ఉప్పునీటి మీద అన్నిటికన్నా బాగా పలుకుతుంది. దానికి ఎత్తు కావాలి. కట్టుబాటు ఒప్పుకోదు. అడగను కూడా.

పొడవాటి తీగ ఎత్తు అడగదు, నిడివి అడుగుతుంది. పది బారలకు పైన. మా గది మూడు బారలు. పది బారలు కావాలంటే నాలుగిళ్ల కప్పుల మీదుగా పోవాలి.

మూడోది చుట్టు. రాగి గొట్టాన్ని వలయంలా వంచి, రెండు కొసల మధ్య కెపాసిటర్ పెట్టాలి. దాన్ని కాస్త కాస్త కదిపి సరైన చోట నిలపాలి. మూరన్నర అడ్డం ఉన్న చుట్టు చాలు. చోటు తక్కువ. ఒకసారి పాత పుస్తకం చిరిగిన పేజీలో బొమ్మ చూశాను, చేసి చూడలేదు.

చేసి చూడనిదాని మీద ఇంత బరువు పెట్టడం ఇష్టం లేక ముందు తీగే వేద్దామనుకున్నాను. మస్తాన్‌బీ పిన్నిని అడిగితే చేపల దండేల వెంబడి కట్టుకోమంది. మిగతా మూడిళ్ల వాళ్లూ కాదనలేదు. కాదంటే నేనేం చేయగలను. కాదనలేదు.

సప్తమి
తొట్టి సగం. బ్యాటరీ సగానికి తక్కువ. ఇంట్లో ఒకరు.

తీగ పని అయిపోయింది. అంటే తీసేశాను.

మీట నొక్కి పడవను పిలుస్తున్న వేళకు పిన్ని చేపలు తీస్తూ తీగ పట్టుకుంది. చేపల బుట్టతో సహా కిందికి వచ్చింది.

"ఏందయ్యా నాంచారయ్యా, నీ తీగ నా వేలు కొరికింది."

"కొరకదు పిన్నీ. కొంచెం కాలుద్ది."

"కొరికినా కాలినా వేలు నాదే గదా."

చూశాను. వేలి కొన మీద తెల్లటి చుక్క. తప్పు నాదని ఒప్పుకుని వెన్న రాశాను. ఆమె వేలి సంగతి వదిలేసి, పడవ పలికిందా అని అడిగింది. పలకలేదన్నాను. ఉప్పు నానిన దండేలు, తడి చేపలు, పక్కింటి చీర ఒకటి. వాటి మీద పడిన తీగలోంచి నా మాట సముద్రానికి కాదు, ఎండుచేపలకు వెళ్లింది. ఆ మాట చెబితే ఆమె నవ్వింది.

"మా చేపలకు చెప్పావు గదా లాకుల దగ్గరికి రమ్మని. అవి ఎట్టాగూ నాతోనే వస్తయ్యి."

కొండంత కోపం రావలసిన చోట ఈ మాట అంది. రాసి పెట్టుకోవలసిన సంగతి ఇదే.

దీపాలవేళ కిటికీలోని చిన్న తీగతో మంగతాయారు గొంతు విన్నాను. దిబ్బ మీద ఒకామెకు కవలలు పుట్టారట. తల్లీ పిల్లలూ క్షేమం. తర్వాత మళ్లీ ఉప్పు డబ్బా. పెట్టాను అన్నాను.

అష్టమి
తొట్టి సగం. బ్యాటరీ సగానికి తక్కువ. గాలి ఈశాన్యం. ఇంట్లో ఒకరు.

చుట్టే చేయాలని నిర్ణయించుకున్నాను.

రాగి గొట్టం ఈతగాడు తిరుపతిస్వామి ఇచ్చాడు. మునిగిన మేడల్లో చల్లగాలి పెట్టెలు ఉంటాయి. వాటిలోంచి లాక్కొస్తాడు. బదులుగా ఏం కావాలని అడిగితే, నువ్వొక్కసారి నవ్వితే చాలు బావా అన్నాడు. నవ్వాను. అది నవ్వు కాదు పొమ్మని, అయినా గొట్టం ఇచ్చి వెళ్లాడు.

నీళ్ల డ్రమ్ము చుట్టూ తిప్పి మెల్లగా వంచాను. గొట్టం రెండు ముక్కలు కావడంతో మధ్యలో బోల్టులు పెట్టి కలిపాను. కెపాసిటర్‌కు రెండు రాగి రేకులు, వాటి మధ్య జరిగే అద్దం ముక్క. నేను చెయ్యి దగ్గర పెడితే దాని తీరు మారిపోతుంది. అందుకని అద్దానికి వెదురు పుల్ల కట్టి దూరం నుంచి జరిపే ఏర్పాటు చేశాను.

ఇనుముకైనా రాగికైనా ఉప్పుగాలి పట్టకుండా మనం చేప నూనె, మైనం కలిపి రాస్తాం. పంట్ల మీద పుట్టినవాడికి ఇది అన్నం తినేముందు చెయ్యి కడుక్కున్నట్టు. అతుకులకు మరీ శ్రద్ధగా రాసి, ఆపైనే బోల్టులు బిగించాను.

బ్యాటరీ, చిన్న బల్బు పెట్టి చూశాను. చుట్టు ఒక కొస నుంచి రెండో కొసకు కరెంటు పోతోంది. బల్బు వెలిగింది. అతుకు బాగుందనుకున్నాను.

కిటికీలో సరిగ్గా పట్టింది. చాలా సంతోషం కలిగింది. ఇంత చిన్న చోట కూడా మనిషి పని జరిగే వీలు ఉంటుంది.

దశమి
తొట్టి సగానికి తక్కువ. బ్యాటరీ పావు. గాలి ఈశాన్యం, పెరుగుతోంది. ఇంట్లో ఒకరు.

చుట్టు పలకడం లేదు.

అద్దం జరుపుతుంటే రేడియోలో హోరు ఒక చోట పెరగాలి, నిటారుగా లేచి పడిపోవాలి. పుస్తకంలో అలాగే ఉంది. ఇక్కడ కాస్త ఉబ్బినట్టు అయి తగ్గుతోంది. మీట నొక్కి పిలిస్తే పడవ నుంచి జవాబు లేదు. రెండు సాయంత్రాలు ఇలాగే గడిచాయి. అద్దం మార్చాను. రేకులు మార్చాను. పిలిచిన కొద్దీ బ్యాటరీ తరుగుతోంది, ఎండ లేక నిండడం లేదు.

పెద్ద సరంగు గారు వచ్చి కిటికీలోని చుట్టును చూశారు. బండి చక్రమా అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, ఊరు ఆగదు నాంచారయ్యా అన్నారు. రెండు వందల కుటుంబాలు, ఒక పడవ. ఆయన లెక్క తప్పు కాదు. ఆయన స్థానంలో నేనున్నా అదే చెబుతాను. తేలే బల్ల ఈసారి రెట్టింపు బరువు రాయితో కడతామన్నారు. ఆ మాట చెప్పడానికి పని మానుకుని వచ్చారు.

దీపాలవేళ పడవ సరంగు చెప్పాడు: దిబ్బల నుంచి బయల్దేరాం, నీళ్లు పొదుపుగా వాడుతున్నాం, అమావాస్య మర్నాటికి మన రేవు. మన రేవు అంటే ఇక్కడే.

ద్వాదశి
తొట్టి పావు. బ్యాటరీ పావు. ఇంట్లో ఒకరు.

పొద్దున వంట గిన్నె పట్టుకుని పైకి వెళ్లాను. కళాయి పోయి గంజి నల్లబడుతోంది. మంగతాయారు వచ్చేసరికి తళతళలాడుతూ ఉండాలనిపించింది. పలకని యాంటెన్నాను చూస్తూ కూర్చోలేకపోయాననేది అసలు సంగతి.

పిన్ని గిన్నెను బొగ్గుల మీద పెట్టి, తగరం తాకించి, గుడ్డతో తిప్పింది. తగరం పూసలు పూసలుగా జారిపోయింది. గిన్నె పక్కకు తీసి వేలితో రాసి చూసింది.

"ఏం రాసుకొచ్చావిది? నూనె?"

"తుప్పు పట్టకుండా అలవాటు పిన్నీ."

"తుప్పు పట్టకుండా రాస్తే తగరం కూడా పట్టదు నాయనా. నూనెకు ఏది తుప్పో ఏది తగరమో తెలవదు. రెంటినీ దగ్గరికి రానియ్యదు."

ఆమె ఇసకతో గిన్నె తోముతూ ఉంది. నాకు చుట్టు అతుకులు గుర్తొచ్చాయి. గిన్నె వదిలేసి కిందికి దిగాను. బోల్టులు విప్పాను. రాగికీ రాగికీ మధ్య గోధుమరంగు పొర, గోటితో గీకితే లేస్తోంది. చేప నూనె ఎండి పెంకులా గట్టిపడింది. బోల్టు మర దగ్గర ఎక్కడో ఒక మొన తగులుతోంది. బల్బు వెలగడానికి ఆ మొన చాలు. చిన్న చుట్టుకు అది చాలదు. చిన్నది కావడం వల్లే దానికి ఏ అడ్డూ గిట్టదు. పెద్ద స్తంభానికి అతుకులు ఎలా ఉన్నా నడిచింది. ఇన్నేళ్లూ ప్రతి అతుకుకూ నేనే నూనె రాశాను.

పంట్ల మీది వాళ్లు తప్ప ఎవరూ ఇంత జాగ్రత్తగా పని చెడగొట్టుకోరు.

చుట్టును పైకి మోసుకెళ్లి సంగతి చెప్పాను. ఆమె అతుకులు ఇసకతో రుద్ది, తగరం పట్టేందుకు నవసారం వేసి, తగరం కరిగించి పోసింది. రెండు ముక్కలూ ఒకటే గొట్టం అయిపోయాయి. పని అయ్యాక చుట్టును అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీన్ని మళ్లీ ఆ ఇనప బొరియలో పెడతావా?"

వేరే చోటు లేదన్నాను. నిజానికి కిటికీ దానికి తగిన చోటు కాదు. చుట్టూ ఇనుము. పైగా చుట్టు ముఖం సముద్రం వైపు ఉంటుంది. చుట్టు ముఖం వైపు పలకదు, అంచు వైపు పలుకుతుంది. కిటికీలో దాన్ని తిప్పడానికి వీల్లేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసినా అడగలేదు. వేలు కాల్చినవాణ్ణి, మళ్లీ ఆమె పెరడు ఎలా అడగను.

ఆమె ఒక పందిరి మీది చేపలన్నీ గంపలోకి తీసి, పందిరి మడిచి గోడకు ఆనించింది. ఆ చోటు ఎంతో నాకు తెలుసు. ఆమె తిండి అది.

"పిన్నీ, చేపలు..."

"నీడన ఎండుతయ్యిలే. మా కోడలి పురిట్లో బిడ్డ అడ్డం తిరిగిననాడు మంగతాయారు రెండు రోజులు అన్నం మానేసి కూర్చుంది. అప్పుడు చోటు అడిగిందా నన్ను? పెట్టెయ్."

పెట్టాను. కూర్చున్న మనిషి తలకన్నా నాలుగు వేళ్లు తక్కువగా ఉంది. పిన్నిని పక్కన కూర్చోబెట్టి కొలిచాను.

త్రయోదశి
తొట్టి పావు. బ్యాటరీ పావు. గాలి బలంగా ఉంది. ఇంట్లో ఒకరు.

కేబుల్ కప్పు సందులోంచి కిందికి దింపాను. రేడియో కింద, చుట్టు పైన. మీట నొక్కేవాడు అద్దం జరపలేడు. పిన్ని తెడ్డుతో జరుపుతానంది. చుట్టు పక్కన చిన్న బల్బు వేలాడదీశాను. సరిగ్గా కుదిరితే దానంతట అదే వెలుగుతుంది, ఏ తీగా తగలకుండా. ఆమె నమ్మలేదు.

మీట నొక్కాను. జరపమన్నాను. జరుపుతన్నా అంది. ఇంకా అన్నాను. ఇంకా ఏంది, చివరికొచ్చింది అంది. వెనక్కి జరపమన్నాను. జరిపింది. ఆమె గొంతు మారింది.

"వెలిగింది. నాంచారయ్యా, ఏమీ తగల్లేదు, వెలిగింది."

రేడియోలో హోరు నిటారుగా లేచి పడింది. ఇలా ఉంటుందని పుస్తకంలో చదివాను. వినడం ఇదే మొదటిసారి.

ఈ సాయంత్రం మాత్రం పడవ పలకలేదు. అలలు ఎక్కువై వారి తీగ తెగిందో, బ్యాటరీ అయిందో. రేపొక్క సాయంత్రమే ఉంది. ఎల్లుండి తెల్లవారుజాము పోటుకు లంగరు లేస్తుంది. కదిలేటప్పుడు కప్పుల మీద ఏదీ ఉండకూడదు. మిగిలిన బ్యాటరీ రేపటికి దాచాను. దీపం వెలిగించలేదు. అన్నం పిన్ని ఇంట్లో తిన్నాను.

చతుర్దశి
తొట్టి పావుకు తక్కువ. బ్యాటరీ కొద్దిగా. ఇంట్లో ఒకరు.

ఊరంతా తాళ్లు బిగిస్తున్నారు. తిరుపతిస్వామి తన పంటు పని వదిలేసి వచ్చి చుట్టు గాలికి పడకుండా రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. పట్టుకుంటే కుదరదు, దూరంగా తాళ్లతో లాగి పట్టు అన్నాను. అలాగే చేశాడు. అంచు దక్షిణానికి తిప్పించాను. పిన్ని తెడ్డు పట్టుకుంది. పెద్ద సరంగు గారు మా సగం తలుపు దగ్గర నిలబడ్డారు. లోపలికి రావడానికి చోటు లేదు.

దీపాలవేళ అయింది. హోరులోంచి పడవ సరంగు గొంతు వచ్చింది, సన్నగా. నీళ్లు రెండు రోజులకు ఉన్నాయన్నాడు. అతను ఆపగానే మీట నొక్కాను. చెప్పవలసింది ముందే రాసి పెట్టుకున్నాను. పెద్ద సంగతి ఒక్కటే.

"ఊరు కదులుతోంది. పాత లాకులు. పాత లాకులు. రేవుకు రావద్దు, పాత లాకులకు రండి."

పైనుంచి పిన్ని వెలిగింది, వెలిగింది అంటూనే ఉంది. మీట వదిలాను. హోరు. ఇంకోసారి చెప్పడానికి బ్యాటరీ ఉందో లేదో తెలియదు. చెప్పాను. వదిలాను.

"ఎవరది?" పడవ సరంగు గొంతు. "ఎవరు మాట్లాడేది? పాత లాకులన్నారా? మళ్లీ చెప్పండి."

పాత లాకులు అన్నాను. అవతల ఏదో సందడి. తర్వాత ఆమె.

"మూడో బరస వారేనా?"

అవునన్నాను. తలుపు దగ్గర సరంగు గారు వింటున్నారు, పైన ఇద్దరున్నారు. బ్యాటరీ ముల్లు కిందికి దిగుతోంది.

"ఉప్పు డబ్బా మూత పెట్టాను" అన్నాను. "రోజూ చెబుతూనే ఉన్నాను."

హోరు. ఆమె నవ్వుతోందో మరేమో తెలియలేదు.

"ఆ మాట ఇప్పటికి చేరింది" అంది. "లాకులకు వస్తన్నాం. తలుపు తీసి పెట్టండి."

బ్యాటరీ అయిపోయింది. సరంగు గారు నా భుజం మీద చెయ్యి వేసి, ఊరి పని చూసుకోవడానికి వెళ్లిపోయారు. పైన పిన్నీ తిరుపతిస్వామీ చుట్టు విప్పుతున్నారు. జాగ్రత్తగా దించండి అన్నాను. అతుకులకు ఎవరూ నూనె రాయవద్దన్నాను.

శుద్ధ తదియ
తొట్టి నిండుగా, వాన నీరు. బ్యాటరీ సగం. గాలి తగ్గింది. పాత లాకులు. ఇంట్లో ఇద్దరు.

మందుల పడవ నిన్న మధ్యాహ్నం వచ్చింది. పీపాలో నీళ్లు అడుగంటాయి. మనుషులందరూ క్షేమం. పాత రేవు మీదుగా వచ్చి చూశారట. తేలే బల్ల అక్కడ లేదట.

మస్తాన్‌బీ పిన్ని పందిరి మళ్లీ పరిచింది. చుట్టుకు మాత్రం ఒక మూల వదిలింది. అడిగితే, నేను కూడా వింటాను గదా అంది.

మంగతాయారు గిన్నె చూసి, తళతళలాడుతోందని, ఎవరి చేతి కళాయి అని అడిగింది. చెప్పాను. ఉప్పు డబ్బా మూత తీసి చూసింది. గడ్డ కట్టలేదు.

ఈ సాయంత్రం మంచం వాల్చాను. తలుపు సగమే తెరుచుకుంది. ఆమె పడవలో మిగిలిన మూట నెత్తిన పెట్టుకుని, పక్కకు తిరిగి లోపలికి వచ్చింది.